ఎనెలెసి కచింగ్వె మాయమైపోకుండా ఉండటానికి

చిల్వా సరస్సు ఒడ్డున నమాసొకో గ్రామంలో కాపురముంటున్న, కీర్తిశేషులు శాండెరెసి కచింగ్వె పెద్ద కుమార్తె ఎనెలెసి కచింగ్వె అను నేను, అరవై ఆరేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ బెదిరింపూ లేకుండా, తెలివి పూర్తిగా ఉండగా రాయించిన వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగా ఉందని రాయమన్నాను. మనసు కూడా స్థిరంగా ఉందని రాయబోతుంటే ఆపాను, ఎందుకంటే అది లేదు. ఈ పదిరోజుల్లో కుక్క మొరిగిన ప్రతిసారీ లేచి తలుపు గడియ చూసుకున్నాను. మెడ మీది పుండు ఇక మానదని పట్నం ఆసుపత్రిలో చెప్పారు కాబట్టి, చెప్పవలసింది ఇప్పుడే చెబుతున్నాను.

నా చూపు మందం. బడిలో పాఠాలు చెప్పే జియోనె ఎంబెవె దీన్ని రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాస్తానని, అందంగా దిద్దనని ఆమె దగ్గర మాట తీసుకున్నాను.

నేను పుట్టుకతోనే ఒంట్లో రంగు లేనిదాన్ని. అమ్మా నాన్నా, తమ్ముడూ చెల్లెలూ అందరూ నల్లవాళ్ళు. అన్న లామెకి, నేను మాత్రం తెల్లగా, పసుపుపచ్చ జుట్టుతో పుట్టాం. మేము చావమని, ఒకరోజు మాయమైపోతామని చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. మాలాంటివాళ్ళ ఎముకలు ఇంట్లో ఉంటే సంపద వస్తుందని నమ్మేవాళ్ళు ఉన్నారు. కొనేవాళ్ళు ఎవరో మాకు తెలియదు. అమ్మేవాళ్ళు మాత్రం మేము ఏ దారిన నడుస్తామో తెలిసినవాళ్ళే అయి ఉంటారు. అందుకే ఈ వీలునామాలో ఆస్తుల కంటే ఒంటి గురించే ఎక్కువ ఉంటుంది. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి.

ఒకటో అంశం. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా సంఘం పాస్టరు ముతాంబలిక గారికి అప్పగిస్తున్నాను. ఆయన మంచివాడు. ప్రసంగం ఎక్కడ ఆపాలో తెలియదు కానీ, ఇచ్చిన మాట తప్పడు. నా కుర్చీ, వీపుకి గుచ్చుకోని ఆ ఒక్క కుర్చీ, ఆయనకి చెందుతుంది.

రెండో అంశం. నేను నివసించే ఇల్లు, వెనకనున్న వరి మడి, రెండు మేకలు, వంటసామాను, నా తదనంతరం తాడాలాకు చెందవలెను. తాడాలా నా చెల్లెలి కూతురు మలీటా బిడ్డ. మలీటా ఈ పిల్లను కని కన్ను మూసింది. తండ్రి పొత్తిళ్ళలోకి తొంగిచూసి "ఇది నా బిడ్డ కాదు" అని అటునుంచి అటే వెళ్ళిపోయాడు. పిల్ల నాలాగే పుట్టింది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. మా వంశంలో ఆస్తి ఆడపిల్లల వైపు నడుస్తుంది కాబట్టి దీని మీద నా తమ్ముడు మైకోలోకి గానీ, అతని పిల్లలకి గానీ హక్కు లేదు, దావా లేదు. ఈ సంగతి మైకోలోకి తెలుసు. అతని భార్యకి కూడా తెలియాలని రాయిస్తున్నాను.

మూడో అంశం. నా అంత్యక్రియలు ఎవరికీ తెలియకుండా జరగవలెను. చావు కబురు పంపకూడదు, గంట కొట్టకూడదు. గొయ్యి తవ్వేవాళ్ళని మా వైపు మనవలంటాం. ఊళ్ళో మనవలు నాకు వద్దు. సరస్సు అవతలి ఒడ్డు నుంచి, నా పేరు తెలియని వాళ్ళని పిలవాలి. నన్ను నా ఇంట్లోనే, మంచం ఉన్న చోటే పూడ్చి, పైన ఇనప చువ్వలు పరిచి సిమెంటు పోయాలి. సిమెంటు బస్తాలు ఆ మంచం కిందే ఉన్నాయి. ఒకటి చెమ్మకి రాయిలా గట్టిపడింది, దాన్ని కూడా పడెయ్యకుండా పగలగొట్టి వాడాలి. సిమెంటు ఆరేదాకా సంఘంలోని మగవాళ్ళు కాపలా ఉండాలి, ఆరాక కూడా కొన్నాళ్ళు ఉండాలి. ఉంటామని మాటిచ్చారు.

దీనికి కారణం లామెకి. అన్న జ్వరంతో పోయినప్పుడు నేను చిన్నపిల్లని. నాన్నా మేనమామా కలిసి శవాన్ని ఎక్కడో పాతిపెట్టి వచ్చారు. ఎక్కడో అమ్మకి కూడా చెప్పలేదు. అడిగినవాళ్ళకి "వెళ్ళిపోయాడు" అని మాత్రం అన్నారు. అన్న ఎముకలు ఎవరి చేతికీ చిక్కలేదు. అది నాన్న చేసిన మేలు అనే నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను.

పాస్టరుగారికి నా కోరిక నచ్చలేదు. దేవుడు మనిషిని తన స్వరూపంలో చేశాడు, ఆ స్వరూపాన్ని గొయ్యి తవ్వి ఎవరూ ఎత్తుకుపోలేరు అన్నారు. నా ఎముక ఒకటి ఒక ఊళ్ళో, ఇంకొకటి ఇంకో ఊళ్ళో ఉంటే చివరి రోజున ఎలా లేస్తానని అడిగాను. "సరస్సులో మునిగిపోయిన జాలర్లు లేవరా ఎనెలెసమ్మా? వాళ్ళని చేపలు తినేశాయి కదా" అన్నారు. వాళ్ళని తిన్నవి చేపలు, పొరుగువాళ్ళు కాదు అన్నాను. ఆయన టీ తాగి వెళ్ళిపోయారు.

నాలుగో అంశం. ప్రభురాత్రి భోజనానికి నేను రొట్టె కాల్చే పెనం స్త్రీల సంఘానికి ఇస్తున్నాను. ఎడమవైపు త్వరగా మాడుతుంది, తిప్పుతూ ఉండాలి. మొదట్లో నా చేతి రొట్టె మాకొద్దన్నవాళ్ళు ఉన్నారు. తర్వాత అదే రొట్టె ముక్కని నోట్లో పెట్టుకోకుండా నడుముకి చుట్టుకునే చితెంజె గుడ్డ కొంగున ముడేసుకుని, మొక్కజొన్న గాదెలో దాచుకున్నవాళ్ళూ ఉన్నారు. రొట్టె ప్రభువుది కాబట్టి కాదు, పిండి పిసికింది నేను కాబట్టి. ఇద్దరూ ఒకటే. నన్ను చూసి, తమకి ఇలాంటి బిడ్డ పుట్టకూడదని రొమ్ముల మీద ఉమ్ముకునే కడుపుతో ఉన్న ఆడవాళ్ళని నేను క్షమించాను. తాకడానికి వచ్చేవాళ్ళంటేనే నాకు ఎక్కువ భయం.

ఐదో అంశం. సంఘం పెద్ద యొహానె చిసాలెకి నేను ఏమీ ఇవ్వను. ప్రతి ఆదివారం నా వెనక బల్ల మీదే కూర్చుని, లేచేటప్పుడు ఏదో తూలినట్టు నా భుజం రాసుకుంటూ పోయేవాడు. ఆ మర్నాడు వలలు తీసుకుని సరస్సు మీదకి వెళ్ళేవాడు. ఒకసారి వల నిండిందట, ఇంటికొచ్చి నాకు ఎండు చేపలు ఇస్తూ "నీ చలవే ఎనెలెసమ్మా" అన్నాడు. ఆ చేపలు పిల్లికి వేశాను. మనిషి ఎదురుగా ఉంటే తాయెత్తుని చూసినట్టు చూసేవాడు సంఘం పెద్ద ఎలా అయ్యాడో నాకు తెలియదు. గొయ్యి దాకా నాలుగడుగులే అయినా, శవపెట్టె ముందు కొమ్ము మాత్రం అతనే మోయాలి. నాకూ బరువుందని అతని భుజానికి తెలియాలి.

ఆరో అంశం. పక్కింటి ఫిలెసి చిమోంబోకీ నాకూ మాటల్లేవని ఊరందరికీ తెలుసు. నా మేక దాని గుమ్మడి తీగ తిన్నదని నా మేకపిల్లని పట్టి కట్టేసుకుంది. తిరిగి ఇవ్వలేదు. ఆ మేకపిల్ల పెరిగి, పిల్లల్ని పెట్టి, ముసలిదై చచ్చింది కూడా. ఆ మేకపిల్ల నాదే. ఇకమీదట దాని మీద దావా వదులుకుంటున్నాను కానీ, నాదే అని మాత్రం ఇక్కడ రాసి ఉండాలి. బావి దగ్గర అది నన్ను సోమరి అంది, అబద్ధాలకోరు అంది. ఒకసారి బకెట్టు విసిరింది. నేనూ ఊరుకోలేదు. ఇంతకంటే దానికి ఏమీ లేదు.

ఏడో అంశం. నా వెడల్పు అంచుల టోపీ, గొడుగు, ఒంటికి రాసుకునే నూనె సీసాలు తాడాలావి. టోపీ పెద్దదని అది నవ్వుతుంది, తల పెరుగుతుంది. పోయిన ఏడాది ఆదివారపు బడి నుంచి వచ్చి "అమ్మమ్మా, మనం దేవుడి పోలికంట కదా, మరి ఎండలో దేవుడికీ టోపీ కావాలా?" అని అడిగింది. నవ్వాపుకోలేక పిండి గిన్నె పడేశాను. ఆ ప్రశ్న అడిగినందుకు దానికి నా ఎర్ర దుప్పటి కూడా ఇస్తున్నాను.

నా తర్వాత తాడాలాని సాకవలసినవాడు, వంశాచారం ప్రకారం మేనమామ వరసవాడు, అంటే నా తమ్ముడు మైకోలో. మైకోలో చెడ్డవాడు కాదు. ఇల్లు దూరం, భయం ఎక్కువ, నోరు ఆగదు. పిల్లని తలుపేసి ఇంట్లోనే ఉంచుతానని, బడి మాన్పిస్తానని చెప్పాడు. సరే అన్నాను.

ఇక్కడిదాకా మంగళవారం నాడు రాయించాను. కింద ఉన్నది శుక్రవారం నాడు చెబుతున్నాను. పై అంశాల్లో కొన్ని మారతాయి. వాటిని కొట్టివేయవద్దని జియోనెతో చెప్పాను, నేను ఏం కోరుకున్నానో కూడా తెలియాలి.

బుధవారం తాడాలా బడి నుంచి వరి పొలాల గట్టు మీద వస్తుంటే సైకిలు మీద ఒకడు ఆగాడు. మా ఊరివాడు కాదు. బిస్కెట్లు ఇచ్చాడట. "మీ అమ్మమ్మకి ఒంట్లో బాలేదంటగా? ఆవిడ మాయమైపోయాక నువ్వెక్కడుంటావ్ తల్లీ?" అని అడిగాడట. వెంట ఉన్న పిల్లలు "అది కూడా మాయమైపోద్దిలే, వాళ్ళు చావరు కదా" అని నవ్వారట. ఆ పక్కనే ఫిలెసి చేపలు ఎండబెడుతోంది. చేపల బుట్ట ఎత్తి వాడి ముఖాన కొట్టింది. సైకిలు గట్టు దిగి పారిపోయింది. చేపలన్నీ బురదపాలయ్యాయి.

పిల్ల చెయ్యి పట్టుకుని ఫిలెసి నా వాకిట్లోకి వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత అది నాతో అన్న మొదటి మాటలు రాయించకపోతే ఈ వీలునామాకి అర్థం లేదు. "ఏమే ఎనెలెసీ, ఎవరికీ తెలీకుండా పోతావంటగా! పైన సిమెంటు పోయించుకుంటావంటగా! మీ తమ్ముడు టీ కొట్టు దగ్గర అందరికీ చెబుతున్నాడు. మీ నాన్న చేసిన పనే మళ్ళీ చేస్తావా? లామెకిని దాచారు. చచ్చాడని ఎవడు చూశాడు? ఊరంతా మాయమైపోయాడనుకుంది. ఇప్పుడు నువ్వూ దాక్కో. మాయమయ్యేదాన్ని కోస్తే పాపమేంటని రేపు ఈ పిల్ల మీదకి వస్తారు. చచ్చేదానివి తిన్నగా చావవే! అందరి ముందూ చావు!" అని అరిచి, నా కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, నా కప్పు ఠపీమని నేల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ కప్పు చేతిలోకి తీసుకున్నాను. నా కప్పుతో తాగేటప్పుడు ఇంకెవరైనా ముందు దాన్ని కడుగుతారు, లేకపోతే అదృష్టం కోసం కళ్ళకద్దుకుంటారు. ఫిలెసికి దాహమేసింది, తాగింది. ఇన్నేళ్ళలో అది నా మీద ఉమ్మలేదు, నన్ను రాసుకుంటూ పోలేదు. మేకపిల్ల కోసం మనిషితో మనిషి ఎలా పోట్లాడాలో అలా పోట్లాడింది. దానికి నేను ఎప్పుడూ మనిషినే.

పాస్టరుగారు మనుషులందరిలో దేవుడి స్వరూపం ఉందని, అందుకే మనిషిని చంపినవాడు దేవుడి ముఖం మీద చెయ్యి చేసుకున్నట్టే అని చెబుతారు. ఊళ్ళో ఎవరూ ఆ మాట కాదనరు. యొహానె గట్టిగా ఆమెన్ అంటాడు. కానీ మేము మనుషులమా అన్న దగ్గరే అందరూ ఆగిపోతారు. మనిషైతే చావాలి కదా, వీళ్ళు చావరు కదా అంటారు. ఆ మాట వాళ్ళ నోట్లో పెట్టింది మేమే. మా నాన్న పెట్టాడు, భయంతో, ప్రేమతో. నేను మళ్ళీ పెట్టబోయాను. నాన్న మీద ఇప్పుడు కోపం వస్తోంది, కోపం వచ్చినందుకు ఏడుపూ వస్తోంది.

నిన్న పాస్టరుగారు వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. ఇంకో మాట కూడా అన్నాను. దేవుడి అసలు స్వరూపమని మనం మొక్కే ప్రభువు, తల్లి చూస్తుండగా, ఊరంతా చూస్తుండగా సిలువ మీద చనిపోయాడు. ఆయన సమాధికి కాపలా పెట్టినవాళ్ళు ఆయన్ని నమ్మినవాళ్ళు కారు. మరి నా గొయ్యికి కాపలా ఎందుకు అడిగాను? పాస్టరుగారు టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఇది ఈ ఆదివారం చెప్పుకోవచ్చా అని అడిగారు. పొట్టిగా చెబితే చెప్పుకోమన్నాను.

కాబట్టి,

ఎనిమిదో అంశం. మూడో అంశాన్ని ఇందుమూలంగా పూర్తిగా రద్దు చేస్తున్నాను.

తొమ్మిదో అంశం. ఏడో అంశంలో తాడాలా సంరక్షణ గురించి ఉన్నదాన్ని కూడా రద్దు చేస్తున్నాను. తాడాలా నా తదనంతరం ఫిలెసి చిమోంబో ఇంట్లో, ఫిలెసి సంరక్షణలో పెరగవలెను. అది ఒప్పుకుంది. ఒప్పుకుంటూ "నీ కోసం కాదే, ఆ పిల్లకి నీ బద్ధకం అంటకుండా ఉండడానికి" అంది. పిల్ల బడి మానకూడదు. పిల్లని తిట్టవలసి వస్తే ఫిలెసి తన పిల్లల్ని తిట్టినట్టే తిట్టాలి, తక్కువ కాకుండా, ఎక్కువ కాకుండా. మైకోలో మేనమామ హోదాలో పెళ్ళిమాటలకి రావచ్చు, బట్టలు కొనిపెట్టవచ్చు, పిల్లని తీసుకుపోకూడదు.

పదో అంశం. మంచం కింద ఉన్న సిమెంటు, ఇనప చువ్వలు ఫిలెసి ఇంటికి చెందుతాయి. తాడాలా పడుకునే గది మట్టి గోడ కూల్చి సిమెంటు గోడ కట్టాలి, కిటికీకి చువ్వలు బిగించాలి, తలుపుకి లోపలి గడియ పెట్టాలి. గట్టిపడ్డ బస్తా గడప కింద వెయ్యవచ్చు. ఈ పని నా అంత్యక్రియల కంటే ముందే జరగాలి. నేను బతికుండగా మొదలుపెడితే ఇంకా మంచిది, చప్పుడు విని సంతోషిస్తాను.

పదకొండో అంశం. నేను పోయినప్పుడు గంట కొట్టాలి. చావు కబురు ఊరూరా పంపాలి, సైకిలు మీద వచ్చినవాడి ఊరు ఎక్కడో తెలిస్తే అక్కడికి కూడా. గొయ్యి మన ఊరి మనవలే తవ్వాలి, శ్మశానంలో అందరి పక్కనే తవ్వాలి. పెట్టె మూత తీసి నన్ను మా సంఘం గుడిలో పడుకోబెట్టాలి. నా ముఖం మీద పొడి రాయకూడదు, పుండు మీద గుడ్డ కప్పకూడదు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరకొచ్చి చూడాలి. ఈగలు వాలుతుంటే వాలనివ్వాలి. వాసన వస్తుంటే రానివ్వాలి. మూత మూసే ముందు పాస్టరుగారు "ఎనెలెసి చనిపోయిందా?" అని గట్టిగా అడగాలి. జనం చనిపోయిందని గట్టిగా చెప్పాలి. బడిపిల్లలు కూడా ఉండాలి, వాళ్ళూ చెప్పాలి.

భయం పోయిందని రాయొద్దని జియోనెతో చెప్పాను. వాళ్ళు వస్తారేమో. గొయ్యి తవ్వుతారేమో. నన్ను ముక్కలుగా ఎవరో మోసుకుపోతారేమోనన్న ఆలోచన పొద్దున కూడా వచ్చింది. పాస్టరుగారు చెప్పింది నిజమే అయి ఉండాలని ప్రార్థిస్తున్నాను. దుమ్ములోంచి చేసినవాడికి నన్ను ఏరుకోవడం తెలిసే ఉంటుంది. తెలియకపోతే నేను చేయగలిగింది ఏమీ లేదు.

పన్నెండో అంశం. సమాధి దగ్గర ఎవరూ ఉండకూడదు. మట్టి పూడ్చిన వెంటనే, నా గొయ్యికి కాపలా ఉంటామని మాటిచ్చిన మగవాళ్ళందరూ అక్కడినుంచి కదలాలి. ఫిలెసి తాడాలా చెయ్యి పట్టుకుని ముందు నడవాలి, వాళ్ళు వెనక నడవాలి. ఆ రోజు, మర్నాడు బడికి, ఆ తర్వాత ప్రతి రోజూ, వరి గట్టు మీద, వంతులు వేసుకుని. నాకు పెట్టాలనుకున్న కాపలా అంతా నడుస్తున్న ఆ పిల్లకే పెట్టండి.

ఇది జూన్ పదిహేనో తేదీ, శుక్రవారం నాడు, నమాసొకో గ్రామంలో నా ఇంటి ముందు వసారాలో రాయించి, చదివించుకుని, నేను చెప్పినట్టే ఉందని తెలుసుకుని సంతకం చేశాను.

(సంతకం) ఎనెలెసి కచింగ్వె

సాక్షులు:

1. జియోనె ఎంబెవె, ఉపాధ్యాయురాలు. ఆమె చెప్పినదాన్ని దిద్దలేదు.

2. గెర్సొమొ న్గొలొంబె, సమాధి తవ్వే మనవల పెద్ద. నమాసొకో.

వంశం తరఫున సమ్మతి: మైకోలో కచింగ్వె, తమ్ముడు. వద్దని చాలా చెప్పాను, అక్క వినలేదు. సమ్మతిస్తున్నాను. పిల్ల వెనక మొదటి వంతు నాది.